గ్రంథాలయోద్యోగికి కావలసిన క్రొత్త విద్య

(బళ్ళారిలో జరిగిన మన సంఘ వార్షిక సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గము వారు మమ్ము కోరినారు. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి వర్తకమున దిగినవారము. అయినను కొట్టు నిండ సరకున్నను ఏది ఎక్కడ నున్నదో తెలియనిచో బేరము సాగదను సంగతి వర్తకునికి తెలిసినంతగా మరియొకరికి తెలియదు. నేడు మేము మనవి చేయదలచినదియు అదియే.

గ్రంథాలయము ప్రజల ఆస్తి యను భావము తెలుగువారికి క్రొత్తది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది. 1935లో కృష్ణా డెల్టా కాలువలపై పడవలో పుస్తకములు పెట్టుకొని ఊరూర తిరిగిన గ్రంథాలయము సైతము మనవారిదే. పుస్తకమును పాఠకుని చేతికి చేర్చుటయే వారి ఆశయము. ఆ ఆశయము నేటికిని మారలేదు. మారినవి పనిముట్లు మాత్రమే.

1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమున చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఇచ్చటి తెలుగు కుటుంబములు ఇచ్చటనే నిలిచినవి. కన్నడము మన నిత్యజీవనపు భాష. తెలుగు మన యింటి భాష. ఈ రెంటికిని వైరము లేదు. అయితే ఇంటి భాష చదువు రూపమున నిలువవలెనన్న పుస్తకములు దొరకవలెను. మైసూరు రాష్ట్రపు గ్రంథాలయ శాసనము 1965లో వచ్చినది. దాని ప్రకారము మనము చెల్లించు ఆస్తి పన్నుపై రూపాయికి 6 పైసల వంతున గ్రంథాలయ పన్ను చేరును. కావున ప్రభుత్వ గ్రంథాలయము మనకు పరాయిది కాదు. మన పైకముతో కూడ నడచునదియే.

ఇక అసలు చిక్కు చెప్పెదము. పూర్వము గ్రంథాలయములలో అట్టముక్కలపై పుస్తకముల పేర్లు వ్రాసి పెట్టెలలో వరుసగా నుంచెడివారు. తెలుగు పుస్తకమునకు తెలుగులోనే చీటి వ్రాయబడెడిది. ఇప్పుడా సూచిక కంప్యూటరులోనికి మారుచున్నది. తెలుగు టైపు చేయుట రాని ఉద్యోగి ఏమి చేయగలడు? ఇంగ్లీషు అక్షరములలో తోచినట్లు వ్రాయును. లేదా సంఖ్య మాత్రము వేసి వదలును. మా మిత్రులొకరు ఒక గ్రంథాలయమునకు పోయి కోలాచలము శ్రీనివాసరావుగారి నాటకము కావలెనని యడిగిరి. కంప్యూటరులో వెదకి లేదనిరి. బీరువాలో చూడగా పుస్తకమున్నది! సూచికలో దాని పేరు ‘తెలుగు నాటకము’ అని మాత్రమే యున్నది. మన బళ్ళారి నాటకకర్త గ్రంథము బళ్ళారి ప్రాంతముననే కనబడకపోయినది.

ఇది చిన్న సంగతియని తలపవలదు. సూచికలో కనబడని పుస్తకము నెవరును అడుగరు. అడుగని పుస్తకము ఇంటికి పోదు. ఇంటికి పోని పుస్తకముల లెక్క కంప్యూటరు క్షణములో చూపును. ఆ లెక్కను చూచి, ఇచ్చట తెలుగు చదువువారు లేరని పై అధికారి యనుకొన్నచో ఆయనను తప్పుపట్టుట ఎట్లు? తెలుగు బీరువాకు తాళము పడుట ద్వేషము వలననే కానక్కరలేదు. టైపు చేయుట రాకపోవుట వలనను కావచ్చును.

కావున ఉద్యోగికి కావలసిన మొదటి విద్య తెలుగు టైపు. ఇందు మనకొక గొప్ప సౌకర్యము కలదు. భారతీయ భాషల కన్నిటికి కలిపి ‘ఇన్‌స్క్రిప్టు’ అను మీటల అమరిక ఏర్పడి యున్నది. కన్నడ ‘క’ ఏ మీటపై నున్నదో తెలుగు ‘క’ కూడ ఆ మీటపైననే యున్నది. గుడి, కొమ్ము, ఒత్తు చేర్చు పద్ధతియు ఒక్కటే. రెండు లిపులును అక్కచెల్లెండ్రు. కావున ఈ పద్ధతిలో కన్నడము టైపు చేయు ఉద్యోగికి తెలుగు నేర్చుట కొద్దిపాటి శ్రమ. అయితే అక్షరములు యూనికోడు పద్ధతిలో నుండవలెను. అచ్చు పనికి వాడు పాత ఫాంట్లలో కొట్టినది వేరొక కంప్యూటరులో అర్థములేని గుర్తులుగా మారును, వెదకిన దొరకదు.

రెండవది, పేరును ఒకే విధముగ వ్రాయు క్రమశిక్షణ. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారిని కొందరు కృష్ణమాచార్యులందురు. ఒక పుస్తకము ‘ధ’ క్రిందను, ఒకటి ‘ర’ క్రిందను, ఒకటి ‘క’ క్రిందను పడినచో ఒక రచయిత ముగ్గురగును. మన ఖాతాపుస్తకములో ఒకే ఆసామికి మూడు ఖాతాలుండిన బాకీ తేలునా? ఒక రూపమును నిర్ణయించి తక్కిన రూపములను దానికి జోడింపవలెను. ఇది యంత్రము చేయు పని కాదు. భాష తెలిసిన మనిషి చేయవలసిన పని.

మూడవది, గ్రంథాలయ నిర్వహణకు గల సాఫ్టువేరు. ‘కోహా’ యనునది న్యూజీలాండు దేశమున ఒక ప్రజా గ్రంథాలయము కొరకు తయారై 2000 సంవత్సరమున అందరికిని ఉచితముగ విడుదల చేయబడినది. ఆ దేశపు మావోరీ భాషలో ఆ మాటకు కానుక యని అర్థము. మన కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు వారు ‘ఇ-గ్రంథాలయ’ను రూపొందించిరి. రెంటిలోను భారతీయ లిపులు వ్రాయవచ్చును. పుస్తకమునకు బార్‌కోడు అంటించి, ఇచ్చినపుడును పుచ్చుకొన్నపుడును చూపిన చాలును. మన కొట్లలో బిల్లు వేయు పద్ధతియే ఇది. ఈ లెక్కలకు నిత్యము నకలు తీసి వేరొక చోట భద్రపరచుట మరువరాదు. చిట్టా కాలిపోయిన వర్తకుని గతి మనమెరుగుదుము.

నాలుగవది, పాత పుస్తకముల ఛాయాప్రతి తీయు విద్య. మన యిండ్ల అటకలపై చెదలకు ఆహారమగుచున్న గ్రంథములెన్నియో కలవు. మన చట్టము ప్రకారము రచయిత మరణించిన 60 సంవత్సరములకు అతడు జీవితకాలమున ప్రకటించిన గ్రంథముపై హక్కు తీరును. ధర్మవరమువారు 1912లోను, కోలాచలమువారు 1919లోను స్వర్గస్థులైరి. వారు ప్రకటించిన నాటకములను స్కాను చేయుటకు అడ్డు లేదు. అంగుళమునకు 300 చుక్కలకు తగ్గకుండ తీయవలెను. బొత్తి విరుగకుండ పుట త్రిప్పవలెను. బొమ్మనుండి అక్షరములను చదివి యిచ్చు ‘టెసరాక్టు’ అను ఉచిత సాధనము తెలుగును చదువును గాని, పాత అచ్చులో తప్పులు చేయును. వానిని దిద్దుటకు మనిషి కన్ను కావలెను. దిద్దిన ప్రతిని తెలుగు వికీసోర్సు వంటి చోట నుంచిన యెడల ఇచ్చటి మనుమడును షోలాపురములోని మనుమరాలును ఒకేసారి చదువవచ్చును.

ఇంత విద్య ఉద్యోగికి ఎట్లు వచ్చునని అడుగుదురేమో. పలుచోట్ల ఒక్కరే తలుపు తీసి, దుమ్ము దులిపి, పత్రికలు పరచి, పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనుచుందురు. వారిని నిందించుట న్యాయము కాదు. వారికి తోడ్పడుట మన పని. అందుకై ఈ సభ ముందు మూడు మనవులు చేయుచున్నాము.

ఒకటి: తెలుగు చదువ వ్రాయ వచ్చిన మన యువకులును యువతులును గ్రంథాలయాధికారి యనుమతితో వారమునకు రెండు సాయంకాలములు ఉద్యోగి ప్రక్కన కూర్చుండి, ఒక్కొక బీరువా చొప్పున తెలుగు పేర్లను సరిచూడవలెను. రెండు: ఉద్యోగులకు శిక్షణ జరుగునపుడు ప్రయాణపు ఖర్చు, భోజనపు ఖర్చు మన సంఘము భరింపవలెను, వర్తకులము మేమందరము కలిసి ఆ పైకము చేర్చుటకు సిద్ధముగ నున్నాము. మూడు: ప్రతి కుటుంబమును నెలకొక తెలుగు పుస్తకము పేరు వ్రాయించి ఇంటికి తీసికొని పోవలెను. ఆ ఒక్క నమోదు పది అర్జీల పెట్టు.

రాజ్యాంగము 29వ అధికరణము తమ భాషను కాపాడుకొను హక్కును పౌరుల కిచ్చినది. హక్కు కాగితముపై నున్నది. దానిని వాడుకలో పెట్టువాడు బల్ల వెనుక కూర్చున్న ఆ చిన్న యుద్యోగి. అతడు కన్నడిగుడు కావచ్చును, తెలుగువాడు కావచ్చును. అతని వ్రేళ్ళకు తెలుగు అక్షరములు అలవడిననాడు మన పుస్తకములకు మరల పేరు వచ్చును. పేరు వచ్చిన పుస్తకమునకు పాఠకుడు వచ్చును.