పశ్చిమ సీమలో పెక్ బోధకుడు



విద్యానిధిని గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ద్రవ్యము నిలిచిపోయినను విద్యను విడువని యొక పరదేశీయుని చరిత్రము చెప్పుట మేలని మాకు తోచినది. ఆయన అమెరికా దేశపు బాప్తిస్టు బోధకుడు, జాన్ మేసన్ పెక్. మనకు బొత్తిగా సంబంధము లేనివాడును కాడు. ఆయనను 1817లో పశ్చిమ సీమకు పంపిన సంఘమే 1835లో శామ్యూల్ డే దొరను తెలుగువారి కడకు పంపెను. నెల్లూరు మిషను అట్లు పుట్టినదే.

పెక్ గారు 1789లో కనెక్టికట్ రాష్ట్రమున లిచ్‌ఫీల్డులో కర్షక కుటుంబమున జన్మించి, పదునెనిమిదవ యేట బడిపంతులైరి. 1817 జూలైలో భార్యతోను ముగ్గురు బిడ్డలతోను ఒంటిగుఱ్ఱపు బండిలో బయలుదేఱి, నాలుగు మాసములకు పైగా ప్రయాణించి, డిసెంబరు 1వ తేదీన రోగపీడితులై మిస్సోరీ సీమలోని సెయింటు లూయీ చేరిరి.

అచ్చట సహచరులగు వెల్షు గారితో గూడి బడి పెట్టిరి. నల్లజాతివారికి ఆదివారపు పాఠశాల నడపిరి. మూడేండ్లు నిండకమున్నే, 1820లో, పంపిన సంఘము సహాయము మానివేసి, ఇండియానాలోని ఫోర్టు వేనుకు పొమ్మనెను. ఆయన పోలేదు. 1822లో గాని మసాచుసెట్సు బాప్తిస్టు సంఘమువారు వారమునకు 5 డాలర్ల వంతున ఇచ్చుటకు పూనుకొనలేదు. రెండు మాసములు జీతము నిలిచిన బడిపంతులు ఇంటి పొయ్యి సంగతి మేమెఱుగుదుము. రెండేండ్ల మాట చెప్పనేల?

ఆ యేడే ఇల్లినాయిలోని రాక్ స్ప్రింగున కాపురముండి, 1827లో అచ్చట విద్యాలయము స్థాపించిరి. విరోధమునకు కొదువ లేకపోయెను. మిషను సంఘములును బోధకుల పాఠశాలలును వేదవిహితములు కావని వాదించిన బాప్తిస్టులు పలువురు. దైవము పిలిచినవానికి చదువేల యని వారి ప్రశ్న. వారును నిష్ఠాపరులే, పొలము దున్నుకొని, జీతము లేక బోధించినవారు. మూర్ఖులని త్రోసివేయుట న్యాయము గాదు. అయినను మా యోటు పెక్ గారికే.

విద్యాలయము ఆల్టను ప్రాంతమునకు తరలెను. 1835లో బెంజమిన్ షర్ట్‌లెఫ్ వైద్యులు 10,000 డాలర్లు దానము చేయగా, వారి పేర కళాశాలయై 1957 వఱకు నడచినది. పేరు దాతదే, తిరుగుట పెక్ గారిది. మన పోషకులు దీనికి నవ్వుకొందురు గాక. 1852లో హార్వర్డువారు ఆయనకు గౌరవపట్టమిచ్చిరి. ఆ యేడే రాక్ స్ప్రింగు భవనము పుస్తకములతో గూడ దగ్ధమయ్యెను. 1858 మార్చిలో ఆయన కాలధర్మము నొందిరి.

ఆయన సెయింటు లూయీ పాఠశాలలో తోడుగా నిలిచిన జాన్ బెరీ మీచమ్ గారి మాటయు చెప్పవలెను. బానిసగా పుట్టి, స్వార్జితముతో తన స్వేచ్ఛను కొనుకొన్న యీ వడ్రంగికి 1825లో పెక్ గారు బోధకదీక్ష నిచ్చిరి. 1847లో నల్లవారికి చదువను వ్రాయను నేర్పరాదని మిస్సోరీ రాష్ట్రము శాసించెను. అంతట మీచమ్ గారు పొగయోడ నొకదానిని సమకూర్చి, ఆ శాసనము చెల్లని మిసిసిపీ నదిమధ్యమున నిలిపి, అందు బడి నడపిరని ప్రతీతి. పిల్లలను చిన్న పడవలలో ఓడకు చేర్చెడివారట.