పసుపు పైసలతో అండమాన్ పోదామంటే



పంట అమ్మినాక ఇంటిల్లిపాదీ అండమాన్ పోయి రావాలని మన ఆర్మూర్‌లో ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. అదేమంత కష్టం కాదు. హైదరాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో దిగుతారు. మన దేశంలోని ప్రాంతమే కాబట్టి పాస్‌పోర్టు అక్కర్లేదు. పిల్లలతో సహా అందరి ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి, దీవుల మధ్య పడవలకూ అవి అడుగుతారు. దిగే ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024లో దాని పేరు శ్రీవిజయపురం అని మార్చారు. హావ్‌లాక్ దీవి 2018 చివరి నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయ్యాయి. కాగితాల మీద ఏ పేరు కనబడ్డా కంగారు పడొద్దు.

ఎప్పుడు పోవాలన్నదే మనకు అసలు చిక్కు. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, సాధారణంగా మే మూడో వారంలో, అండమాన్‌ను తాకుతాయి. అవి పోగానే అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. సముద్రం నెమ్మదిగా ఉండేది డిసెంబర్ చివరి నుంచి ఏప్రిల్ దాకా. మనకేమో జనవరి నుంచి మార్చి వరకు పసుపు తవ్వుడు, ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు, పాలిష్ పట్టుడు. ఊపిరి తీసుకునే సందు ఉండదు. అందుకని రైతు కుటుంబానికి నా సలహా ఏప్రిల్. బడి సెలవుల కోసం ఆగితే మే మొదటి వారం దాటనివ్వకండి. డిసెంబర్ ఆఖరులో పోవచ్చుగానీ, అప్పుడు రద్దీ ఎక్కువ, గదుల రేట్లూ ఎక్కువే.

అక్కడికి చేరాక గడియారం మనదే, పొద్దు మాత్రం మనది కాదు. ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నాయి. దేశమంతటికీ ఒకటే టైము కాబట్టి అక్కడ మనకంటే దాదాపు గంట ముందే తెల్లారుతుంది, గంట ముందే పొద్దుగూకుతుంది. డిసెంబర్‌లో సాయంత్రం ఐదు దాటితే వెలుతురు తగ్గిపోతుంది. భోంచేసి, ఓ కునుకు తీసి బీచ్‌కు పోదామంటే చీకటే కనబడుతుంది. ఐదింటికే లేవండి, చూడాల్సినవి మధ్యాహ్నంలోపు చూసుకోండి.

ఇక పడవ. స్వరాజ్ ద్వీప్‌కు స్పీడు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు డాక్టరును అడిగి మాత్ర తెచ్చుకుని, ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలైనాక వేస్తే మాత్ర కూడా బయటికే వస్తుంది. పడవ మధ్య భాగంలో, కింది అంతస్తులో కూర్చుంటే ఊపు తక్కువ. ఫోను చూడకుండా దూరంగా నీళ్లు, ఆకాశం కలిసే చోట చూపు నిలపండి.

పోచంపాడు డ్యాం నీళ్లలో ఈత కొట్టిన ధైర్యంతో సముద్రంలో దిగకండి. ఒడ్డున రెండు వైపులా అలలు విరుగుతూ, మధ్యలో ఒకచోట నీళ్లు నిమ్మళంగా కనబడతాయి. పిల్లల్ని దింపడానికి అదే మంచి జాగా అనిపిస్తుంది. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి లాక్కుపోయే దారి చాలాసార్లు అదే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే ఆ లాగుడు తప్పుతుంది. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. హెచ్చరిక బోర్డున్న చోట మోకాలి లోతు నీళ్లలోకైనా పోవద్దు.

చట్టం సంగతులు రెండు. ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు సంచిలో వేసుకోవద్దు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. బారాటాంగ్ పోయే దారి జారవా ఆదివాసుల అడవి మీదుగా పోతుంది. అక్కడ బండి ఆపినా, ఫొటో తీసినా, బిస్కెట్ ప్యాకెట్ అందించినా నేరమే.

భాషకు భయం లేదు. 2011 జనగణన ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. పోర్ట్ బ్లెయిర్ బజారులో తెలుగులో బేరమాడొచ్చు. చిన్న దీవుల్లో మాత్రం సిగ్నల్ రాక ఫోన్‌పే మొరాయిస్తుంది. చేతిలో నగదు ఉంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైంది చివర చెబుతున్నా. కల్లంలో పసుపు ఆరబోసినప్పుడు ఆకాశంలో మబ్బు లేకున్నా పరదా పక్కనే పెట్టుకుంటాం కదా. దీవుల ప్రయాణంలో ఆ పరదా ఒక ఖాళీ రోజు. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. పొద్దున స్వరాజ్ ద్వీప్‌లో పడవెక్కి, మధ్యాహ్నం విమానం అందుకుందామనుకున్నవాళ్లకు టికెట్ డబ్బులు నీళ్లపాలే. స్కూబా డైవింగ్ చేసినవాళ్లకు ఇంకో కారణం ఉంది. నీటి లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. వెంటనే విమానం ఎక్కితే అది బుడగలు కట్టి ప్రాణం మీదికి తేవచ్చు. కనీసం 18 గంటలు ఆగాలి.

కాబట్టి బుకింగ్‌కు ముందు ఏజెంటును ఒక్క మాట అడగండి: చివరి రాత్రి బస ఎక్కడ? పోర్ట్ బ్లెయిర్‌లో అంటే అడ్వాన్సు కట్టండి. వేరే దీవి పేరు చెబితే, ప్లాన్ మార్పించాకే జేబులో చెయ్యి పెట్టండి.