పెరటి మామిడి ఆకు నల్లబడిందా? మందు కొనే ముందు వేలితో రుద్ది చూడండి

ఈ రోజు మన రాంబిల్లి నుంచే మాట్లాడుతున్నాను. సంక్రాంతి దాటింది, పెరట్లో మామిడి చెట్లన్నీ పూత మీదున్నాయి. దాంతో పాటే నా వాట్సాప్‌కి ఫొటోలు రావడం మొదలైంది. "అన్నా, ఆకు నల్లబడిపోయింది, ఏం మందు కొట్టమంటావ్?" అందరిదీ ఇదే ప్రశ్న. ఫొటోలో నలుపు నలుపులాగే కనిపిస్తుంది. అది మసా, మచ్చా అన్నది చెట్టు దగ్గరున్న మీరే తేల్చాలి. ఎందుకంటే రెండింటికీ మందు ఒకటి కాదు.

చాలా తేలిక. ఆకు కోసి, బొటనవేలు కొంచెం తడి చేసుకుని గట్టిగా రుద్దండి. నలుపు వేలికి అంటుకుని, కింద ఆకు పచ్చగా కనబడిందా? అది మసి తెగులు. పేరుకి తెగులే గానీ అది ఆకు లోపలికి పోదు, పైన పొరలాగా పరుచుకుంటుంది, అంతే. మరి ఎందుకొచ్చింది? తేనెమంచు పురుగు వల్ల. చెట్టు కింద నిలబడి కొమ్మ ఊపితే చిటపటమని ఎగిరే చిన్న పురుగులు ఉంటాయి చూడండి, అవే. లేత పూతలో, ఆకులో రసం పీల్చి, తియ్యటి జిగురు వదులుతాయి. ఆ జిగురు మీద నల్ల బూజు పెరుగుతుంది. చెట్టు కింద పెట్టిన బండి సీటు జిగటగా అయిందంటే కారణం ఇదే!

ఇప్పుడు దీనికి బూజు మందు ఎంత కొట్టినా ఏం లాభం? పురుగు అక్కడే ఉంటుంది, జిగురు కారుతూనే ఉంటుంది. వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. పూగుత్తి బయటికొస్తున్నప్పుడే కొట్టాలి, పూలు విచ్చుకున్నాక వద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మామిడి పూతకి ఈగలు, తేనెటీగలు వాలితేనే పిందె పడుతుంది. పూత నిండుగా ఉన్నప్పుడు పురుగుమందు కొట్టి, తర్వాత కాయ నిలవలేదని బాధపడితే ఎలా?

ఆకు మీద ఉన్న మసి పోవాలంటే గంజి చాలు. కిలో మైదా 5 లీటర్ల నీళ్లలో ఉడికించి, చల్లారాక 20 లీటర్లు అయ్యేలా నీళ్లు కలిపి, వడగట్టి ఆకుల మీద కొట్టండి. ఎండకి ఆ గంజి పొర ఆరి పెచ్చులుగా రాలుతుంది, దాంతో పాటే మసీ ఊడిపోతుంది. ఎండ లేని రోజు మాత్రం పని చెయ్యదు. ఇది కూడా పూత మీద పడనివ్వకండి.

రుద్దినా పోలేదా? ఆకులో గోధుమ, నలుపు మచ్చలు పడి, మధ్యలో ఎండి చిల్లు పడుతోందా? అది ఆంత్రాక్నోస్. మనది సముద్రం పక్క ఊరు కాబట్టి గాలిలో తేమ, పొద్దున్నే మంచు, మధ్యలో ఒక జల్లు ఉంటే దీనికి పండగే. పూగుత్తి నల్లగా మాడిపోతుంది. కాయకి పచ్చిగా ఉన్నప్పుడు ఏమీ కనబడదు, ముగ్గేసరికి నల్ల మచ్చలు తేలతాయి. దీనికి లీటరుకు ఒక గ్రాము కార్బండజిమ్ వాడతారు. కానీ అసలు పని కాయలు దించేశాక, జూన్, జూలైలో ఉంటుంది. ఎండు పుల్లలు, గుబురు కొమ్మలు కొట్టేసి, రాలిన ఆకు ఏరి తగలబెట్టాలి. తెగులు ఆ పుల్లల్లోనే దాక్కుంటుంది. మన ఇళ్లల్లో ఎవరూ చెయ్యని పని అదే.

పూత మీద తెల్లటి పొడి చల్లినట్టుంటే బూడిద తెగులు. రాత్రి చలి, పగలు వేడి ఉండే ఈ రోజుల్లోనే వస్తుంది. నీళ్లలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండ ముదిరాక కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన చెట్టుకైతే రెండు వారాలు ఆగి కొట్టండి.

కొమ్మ చివర నుంచి వెనక్కి ఎండుతూ వస్తుంటే, ఎండిన చోటుకి మూడు అంగుళాలు కిందకి, పచ్చి భాగంలో కోసి, కోత మీద బోర్డో పేస్టు పూయండి.

ఇంకో మాట. పెరడంటే అక్కడే బావి, అక్కడే కోళ్లు, అక్కడే పిల్లల ఆట. మందు కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ, చేతికి గ్లవ్స్ ఉండాలి, గాలికి ఎదురుగా నిలబడకూడదు. డబ్బా మీద కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, చదవండి. ఆ కాయ తినేది మనమే కదా.

"మా చెట్టు చాలా ఎత్తు, చేతి స్ప్రేయర్ అందట్లేదు" అని ఒక చెల్లి అడిగింది. అందే మేరకు కొట్టి ఊరుకుంటే పై కొమ్మల్లో పురుగు మళ్లీ దిగుతుందమ్మా. ఈ ఏడాదికి నీళ్ల పైపు ప్రెజర్‌తో ఆకులు కడగండి, పూత లేని కొమ్మలకి మాత్రమే. కాయలయ్యాక పై కొమ్మలు తగ్గించండి. ఇంకా అనుమానం ఉంటే ఆకు, పూగుత్తి రెండూ కవర్లో వేసుకుని రైతు సేవా కేంద్రానికి పట్టుకెళ్లండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు. నాకు ఫొటో పంపేవాళ్లు మాత్రం రుద్దిన తర్వాత ఆకూ, వేలూ రెండూ కనిపించేలా తీసి పంపండి.