డాలస్‌లో లాన్, పొదిలిలో గరిక: సుగంధి సోడా తాగుతూ నలుగురి ముచ్చట

(వేసవి సెలవుల స్పెషల్ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న మాటలివి. డేటా అయిపోయినోళ్ళు, ఇంట్లో అందరూ పడుకున్నాక సౌండ్ పెట్టలేనోళ్ళు ఇక్కడ చదువుకోండి.)

హోస్ట్: పొదిలి నుంచి మళ్ళీ మేమే. ప్రస్తుతానికి కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, అందుకే గబగబా మొదలుపెట్టేశాం. ఈరోజు టాపిక్ మూడు ముక్కలు. సెలవులు, చల్లటి డ్రింకులు, గడ్డి కోయడం. మూడోది ఎందుకంటారా? మా డాలస్ బావ వచ్చాడు కాబట్టి.

బావ: హలో అందరికీ.

హోస్ట్: బావ అంటే చుట్టరికం ఏం లేదు, ఏడో తరగతి నుంచి అలవాటైన పిలుపు. ఇటుపక్క మావ, కూల్ డ్రింకుల కొట్టు ఓనరు. అటుపక్క మా పక్కింటి అక్క, స్టాఫ్ నర్సు. డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చింది.

అక్క: నిద్ర మానుకుని వచ్చా. సోది కొడితే లేచి వెళ్ళిపోతా.

మావ: ముందు ఇది తాగక్కా. సుగంధి సోడా. నిమ్మకాయ పిండా, సబ్జా వేశా.

బావ: అబ్బా! దీనికోసమే టికెట్ బుక్ చేసుకున్నా నేను.

హోస్ట్: అమ్మానాన్నల కోసం అని చెప్పు రా, వాళ్ళు కూడా చూస్తారు. (నవ్వులు) సరే బావా, సెలవులు ఎట్టా గడుస్తున్నాయి?

బావ: పిల్లలకి అక్కడ మే చివర్లో బడి అయిపోతుంది. మనం దిగేసరికి కరెక్టుగా రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా, దానికి టైమింగ్ పెట్టుకున్నట్టు వస్తాం. పోయినేడు పిల్లల్ని భైరవకోన తీసుకెళ్ళా, జలపాతం చూపిస్తానని.

మావ: జూన్ మొదట్లో జలపాతం!

బావ: రాయి చూపించి, ‘ఇక్కడ నీళ్ళు పడతాయి’ అని చెప్పా. మా చిన్నోడు ‘నాన్నా, ఎప్పుడు ఆన్ చేస్తారు?’ అన్నాడు. (నవ్వులు) ఈసారి తెలివొచ్చింది. కొత్తపట్నం బీచికి పోయాం. సముద్రం ఎండిపోదు కదా.

హోస్ట్: కంభం చెరువుకి కూడా తీసుకెళ్ళాల్సింది. విజయనగర రాజుల కాలం చెరువు అది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది కూడా. సరే, ఇప్పుడు అసలు విషయానికి రా. నీ లాన్ సంగతి చెప్పు.

బావ: ఏముంది రా, ప్రతి శనివారం అదే పని. మార్చిలో మొదలైతే అక్టోబర్ దాకా. నాలుగు వారాలు వదిలేశావనుకో, కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వస్తుంది. మీ గడ్డి పెరిగింది, కోయించండి, లేకపోతే ఫైన్ అని.

మావ: మన దగ్గర గడ్డి పెరిగితే పక్కోళ్ళు ఉత్తరం రాయరు. గేదెని తోలుకొస్తారు.

అక్క: అది బెస్ట్ సర్వీసు. పెట్రోల్ ఖర్చు లేదు, పైగా పాలిస్తుంది.

హోస్ట్: ఇంతకీ ఆ గడ్డి ఏం గడ్డి బావా? స్పెషల్‌గా ఉంటుందా?

బావ: బెర్ముడా గ్రాస్ అంటారు. ఎండకి తట్టుకుంటుంది. టెక్సాస్‌లో చాలా ఇళ్ళ ముందు అదే.

హోస్ట్: ఇక్కడే నేను గూగుల్ చేశా. ఫ్రెండ్స్, జాగ్రత్తగా వినండి. బెర్ముడా గ్రాస్ అంటే ఇంకేదో కాదు. మన గరిక!

మావ: ఏందీ? వినాయక చవితికి పెట్టే గరికా?

హోస్ట్: అదే. మనోళ్ళు చేలో వేళ్ళతో సహా పీకి గట్టు మీద పారేసే గరిక. బావ దానికి ఎరువేసి, నీళ్ళు పోసి, శనివారం శనివారం కటింగ్ చేయిస్తున్నాడు. (నవ్వులు)

బావ: అక్కడ హైబ్రిడ్ రకాలు కూడా ఉంటాయి రా...

మావ: హైబ్రిడ్ గరిక! మా నాన్నకి తెలిస్తే గుండె ఆగుద్ది. జీవితమంతా దాంతోనే యుద్ధం చేశాడు ఆయన.

అక్క: నవ్వింది చాలు గానీ, పోయినేడు జరిగింది చెప్పండి. నేను దానికోసమే వచ్చా.

హోస్ట్: అదే వస్తున్నా. బావా, నువ్వే చెప్పు.

బావ: సిగ్గుగా ఉంది గానీ చెబుతా. మా నాన్నకి ఊరి బయట చిన్న ప్లాటు ఉంది. ఎండిన గడ్డి, చిల్లకంప కలిసి అడవిలా తయారైంది. పాములుంటాయని మనిషిని పెడదామన్నాడు నాన్న. నేను ఊరుకుంటానా? ‘డాలస్‌లో ఆరేళ్ళ నుంచి కోస్తున్నా, ఇదెంత’ అని గడ్డి కోసే మిషన్ అద్దెకి తెచ్చా. భుజానికి తగిలించుకునేది.

మావ: టోపీ లేదు. నీళ్ళ బాటిల్ ఒకటి. టైము పదిన్నర. నేను చూశా.

అక్క: పైగా ముందురోజు రాత్రి నుంచి విరేచనాలు. అది ఎవరికీ చెప్పలేదు.

బావ: బయట తిన్నది పడలేదు. చిన్న విషయం అనుకున్నా. పన్నెండు దాటాక చెమట కారిపోతోంది, కాళ్ళు పట్టేస్తున్నాయి. ఇంకొక్క మూల ఉందిలే అని లాగించా. తర్వాత తల తిరిగింది. మిషన్ ఆపి కూర్చున్నానో, పడ్డానో గుర్తు లేదు.

హోస్ట్: నేను బండి మీద మావ కొట్టు దగ్గరికి తెచ్చా. నీడ ఉంది, ఫ్రిజ్ ఉంది అని. ఇక్కడి నుంచి మావ చెప్పాలి.

మావ: (కాసేపు ఆగి) నేను మంచే చేశా అనుకున్నా రా. కొట్లో ఒక డబ్బా డ్రింకు ఉండేది, మీద ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలు. పిల్లలకి జ్వరమొస్తే, విరేచనాలైతే అందరూ అదే కొనుక్కుపోయేవాళ్ళు. చల్లగా రెండు తాగించా. వాంతి చేసుకున్నాడు. ఇంకోటి తాగించా. ‘ఓఆర్ఎస్ తాగాడుగా, తేరుకుంటాడులే’ అని అరగంట చూస్తూ కూర్చున్నాం. అదీ నేను చేసిన తప్పు.

అక్క: తప్పు నీది కాదులే మావా. డబ్బా మీద రాసుంది, నువ్వు నమ్మావ్. వీడు ఫోన్ చేస్తే నేను వచ్చేసరికి బావ పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. చొక్కా తీయించి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, మెడ దగ్గర, చంకల్లో తడిగుడ్డలు పెట్టి, 108కి ఫోన్ చేయించా. హాస్పిటల్లో సెలైన్ ఎక్కించారు. రెండు రోజులున్నాడు.

బావ: మా చిన్నోడు మంచం పక్కన నిలబడి ‘నాన్నా, ఇంక గడ్డి కోయొద్దు’ అన్నాడు. వాడి మొహం మర్చిపోలేను.

హోస్ట్: అక్కా, ఆ డబ్బాలో ఏం తేడా? కొంచెం మాకర్థమయ్యేలా చెప్పు.

అక్క: అసలు ఓఆర్ఎస్ అంటే మందు రా, కూల్ డ్రింకు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్ళకి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్. మొత్తం 20.5 గ్రాములు. మెడికల్ షాపులో దొరికే పొడి ప్యాకెట్ అదే. పేగుల్లో ఉప్పు, గ్లూకోజ్ జతగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్ళు పోతాయి. ఆ పాళ్ళు కుదిరితేనే పని చేస్తుంది.

మావ: మరి డబ్బాలో?

అక్క: అట్టాంటి వాటిల్లో కొన్నింటిలో లీటరుకి వంద గ్రాముల పైనే చక్కెర. ఉప్పేమో తక్కువ. చక్కెర ఎక్కువైతే పేగులోకే నీళ్ళు లాగుతుంది. విరేచనాలున్నోడికి ఇంకా ఎక్కువ అవుతాయి. బావ పడిపోయింది డబ్బా వల్ల కాదు, ఎండలో నీళ్ళూ ఉప్పూ పోగొట్టుకోవడం వల్ల. కానీ పోయింది తిరిగి రావాల్సిన టైములో వచ్చింది చక్కెర నీళ్ళు. దానికి తోడు అరగంట పోయింది.

హోస్ట్: దీని మీద మన హైదరాబాద్ డాక్టరమ్మ పోరాడింది కదా?

అక్క: ఆ, డాక్టర్ శివరంజని సంతోష్. పిల్లల డాక్టర్. దాదాపు ఎనిమిదేళ్ళు ఒక్కతే వీడియోలు పెట్టి, ఉత్తరాలు రాసి, హైకోర్టుకి కూడా వెళ్ళింది. చివరికి 2025 అక్టోబర్ 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆర్డర్ ఇచ్చింది. పళ్ళ రసాలు, కూల్ డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని. ఆమె ఏడుస్తూ పెట్టిన వీడియో మీ ఫోన్లలో కూడా వచ్చే ఉంటుంది.

మావ: ఆ వీడియో నేను మా కొట్లో కూర్చుని చూశా. ఎదురుగా షెల్ఫులో అవే డబ్బాలు. ఆ రోజే అన్నీ తీసేశా. ఇప్పుడు ఎవరన్నా వచ్చి ఓఆర్ఎస్ అడిగితే, నా దగ్గర లేదు, మెడికల్ షాపుకి పో, పొడి ప్యాకెట్ తెచ్చుకో అని చెబుతా. బేరం పోతే పోయింది.

హోస్ట్: మావా, దీనికి చప్పట్లు. (చప్పట్లు)

బావ: ఒక డౌటు అక్కా. ఆ పొడి సగం సగం కలుపుకోవచ్చా, గ్లాసులో?

అక్క: అదే చెప్పబోతున్నా. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే మొత్తం పొడి లీటరు నీళ్ళలోనే. ఒకరోజులో తాగేయాలి, మిగిలితే పారబోయాలి. గుటక గుటకగా తాగాలి, గటగటా కాదు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. గీటు కొట్టినట్టు సమంగా, గోపురంలా కాదు.

మావ: నీళ్ళంటే బోరు నీళ్ళు పర్లేదా? మన ఊరు కదా...

హోస్ట్: ఇది మన ఏరియా ప్రశ్న! మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుని మొదట గుర్తించింది మన వైపే. 1937లో షార్ట్ అనే డాక్టర్, ఆయన బృందం అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళలో చూసి రాశారు. పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లానే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఎద్దులు కుంటుతున్నాయని ముందుగా కనిపెట్టింది రైతులేనంట.

అక్క: రోజూ తాగడానికీ వంటకీ ఫ్లోరైడ్ తీసేసిన నీళ్ళే వాడండి. కాస్తే పోతుందనుకుంటారు, పోదు. నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. కానీ మనిషి పడిపోతుంటే మాత్రం క్యాన్ నీళ్ళు వచ్చేదాకా ఆగొద్దు. దగ్గరున్న శుభ్రమైన నీళ్ళు ఏవైనా కలపండి.

హోస్ట్: మరి మావ సుగంధి సోడా? అది కూడా తాగొద్దంటావా?

మావ: అక్కా, ఆలోచించి చెప్పు. నా పొట్ట మీద కొట్టకు.

అక్క: (నవ్వుతూ) తాగండిరా బాబూ. నన్నారి వేరు మన నల్లమలలో దొరికేదే, చెంచులు సేకరించి తెస్తారు. ఆ వాసన నాకూ ఇష్టమే. గోలీ సోడా కొట్టే శబ్దం ఇంకా ఇష్టం. ఆ సీసా ఐడియా 1870ల్లో ఇంగ్లండులో కాడ్ అనే ఆయనది. అక్కడ మాయమైంది, మన దగ్గర బతికింది. సాయంత్రం నీడలో కూర్చుని తాగడానికి అది. సరదా వేరు, వైద్యం వేరు. ఎండలో పని చేసేటప్పుడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ, రాగి అంబలి, నీళ్ళు. అంతే.

బావ: జేబులో ఉల్లిపాయ?

అక్క: పెట్టుకో, సాయంత్రం పకోడీకి పనికొస్తుంది. (నవ్వులు) చల్లటి బీరు మాత్రం వద్దు. ఒంట్లో నీళ్ళు ఇంకా పోతాయి.

హోస్ట్: అక్కా, ఎప్పుడు భయపడాలో కూడా చెప్పేయ్.

అక్క: తల తిరగడం, కాళ్ళు పట్టేయడం, వాంతి వచ్చేలా ఉండటం, ఇవి ఉంటే పని ఆపాలి, నీడకి రావాలి, ఓఆర్ఎస్ తాగాలి. మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. వెంటనే 108. అంబులెన్స్ వచ్చేలోపు ఒంటి మీద నీళ్ళు పోస్తూనే ఉండాలి. స్పృహ లేనోడి నోట్లో నీళ్ళు మాత్రం పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బావ: ఒకటి చెప్పనా? డాలస్‌లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొద్దున పదికీ సాయంత్రం ఆరుకీ మధ్య స్ప్రింక్లర్లు వేయనివ్వరు. ఆ ఎండకి పోసిన నీళ్ళు ఆవిరైపోతాయని రూలు. నీళ్ళని కూడా బయటికి రానివ్వని టైములో నేను మిషన్ వేసుకుని దిగా.

మావ: ఉపాధి పనికి పోయే మా అమ్మ తెల్లారకముందే పోయి, ఎండ ముదిరేలోపు ఇంటికొస్తుంది. ఆమెకి తెలిసినంత నీకు తెలీలేదు బావా.

బావ: ఒప్పుకుంటున్నా. ఈసారి ఆ ప్లాటుకి నాన్న చెప్పిన మనిషినే పెట్టా. ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేశాడు. మూడు రోజుల్లో శుభ్రం. మజ్జిగ క్యాను నేనే మోసుకెళ్ళా.

హోస్ట్: అదీ లెక్క. ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ చదివాక ఒక్క పని చేయండి. మెడికల్ షాపుకి వెళ్ళి రెండు ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు కొని ఇంట్లో పెట్టండి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చదివి తీసుకోండి. ఎండలో పని చేసే మీ నాన్నకో, అన్నకో, డెలివరీ బండి నడిపే ఫ్రెండుకో ఒకటి ఇవ్వండి. ఇక కామెంట్లలో మీ ఊరి వేసవి డ్రింకు ఏంటో రాయండి. గరికకి ఎరువేసేవాళ్ళు ఇంకెవరన్నా ఉంటే వాళ్ళూ రాయండి.

బావ: రేయ్!

మావ: సోడా డబ్బులు ఎవరిస్తారు?

హోస్ట్: డాలర్లు ఉన్నోళ్ళు. ఉంటాం మరి, కరెంటు పో... (ఇక్కడ కరెంటు పోయింది. వచ్చే వారం కలుద్దాం.)