ఎంసెట్ రెండోసారి రాసే పిల్లలు

(సికింద్రాబాద్‌లో జరిగిన వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో ఈమధ్య ఒక మాట తరచుగా కనబడుతోంది: లాంగ్ టర్మ్. ఇంటర్ బైపీసీ అయిపోయింది, ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు, ఒక ఏడాది ఆగి మళ్లీ రాస్తాను అని దాని అర్థం. ఆ కాగితం చూడగానే "ఒకసారి సాయం చేశాం కదా, మళ్లీ ఎందుకు?" అని మనలో కొందరు అడుగుతారు. అడగాల్సిందే, డబ్బు మీది. సైన్సు టీచర్‌గా నాకు తెలిసిన లెక్క చెబుతాను.

దాని పేరు ఇప్పుడు ఈఏపీసెట్. మన నోటికి ఎంసెట్ అలవాటు కాబట్టి అలాగే అంటాను. బీఫార్మసీ, ఫార్మ్‌డీ కన్వీనర్ సీట్లకు ఇదే దారి. మూడు గంటల్లో 160 ప్రశ్నలు: బయాలజీ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. 40 మార్కులొస్తే అర్హత వచ్చినట్టే. అందుకే "ఫెయిలైంది" అనే మాట ఇక్కడ చాలాసార్లు సరిపోదు. అమ్మాయి క్వాలిఫై అవుతుంది, సీటు కూడా ఎక్కడో ఉంటుంది. చిక్కంతా ఆ "ఎక్కడో" దగ్గరే.

బోలక్‌పూర్‌లోనో, చిలకలగూడలోనో ఉండే తండ్రి కూతుర్ని బస్సు అందే కాలేజీకి పంపుతాడు. ఊరి చివర, రెండు బస్సులు మారే చోట సీటొస్తే పంపడు. సరే, దగ్గరి కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటో, స్పాట్ సీటో తీసుకుందామంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అది కన్వీనర్ కోటాలో కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే. అంటే ర్యాంకు కొంచెం మెరుగైతే నాలుగేళ్ల ఫీజు భారం ఇంటిమీద నుంచి దిగుతుంది. మనం ఒక ఏడాది పెట్టే ఖర్చును ఆ నాలుగేళ్ల పక్కన పెట్టి చూడండి.

ఇంకో సంగతి. ఒకప్పుడు ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఇప్పుడు లేదు. ఇంటర్‌లో తక్కువ వచ్చినా రెండోసారి ఆ బరువు మోయక్కర్లేదు. అయితే గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉండాలి. అది లేని పిల్ల ముందు ఇంటర్ సంగతి చూసుకోవాలి.

అందరికీ రెండో ఏడాది ఇవ్వమని నేను అనను. పేపర్ ముందేసుకుని ఎక్కడ పోయిందో చూడాలి. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమందికి బయాలజీ బాగానే వస్తుంది. ఫిజిక్స్ లెక్కలంటే భయం, వాటిని వదిలేస్తారు. మైనస్ మార్కులు లేని పరీక్షలో ఖాళీగా వదలడమేమిటి! ఇలాంటి పిల్లకు ఏడాది చాలు. బయాలజీయే రానివాళ్లకు, ఇంట్లోవాళ్ల బలవంతం మీద చదివేవాళ్లకు లాంగ్ టర్మ్ వద్దని నేనే చెబుతాను. వాళ్లకు డీఫార్మసీ ఉంది. అది పూర్తిచేసి ఈసెట్ రాస్తే బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఆగాలనుకునేవాళ్లు కూడా ముందు కౌన్సెలింగ్ చివరిదాకా చూడాలి. బైపీసీ వాళ్ల కౌన్సెలింగ్ ఎలాగూ ఆలస్యంగానే జరుగుతుంది.

2018 నుంచి పరీక్ష కంప్యూటర్ మీదే. ఇంట్లో ఫోన్ తప్ప ఇంకేమీ చూడని పిల్ల మౌస్ పట్టుకోవడానికే పది నిమిషాలు పోగొట్టుకుంటుంది. అందుకే పెద్ద కోచింగ్ ఫీజుల కన్నా మన హాల్లో నాలుగు పాత కంప్యూటర్లు, వారానికో మాక్ టెస్టు, సాయంత్రం కూర్చుని చదువుకోవడానికి రెండు బల్లలు నాకు ముఖ్యం. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇళ్లు మనవి. దరఖాస్తు రుసుము కూడా బీసీ-ఈ పిల్లకు తొమ్మిది వందలు. గడువు దాటితే పైన జరిమానా.

చదువు ఆగి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకు సంబంధాలు రావడం మొదలవుతుంది. అది మీకు నేను చెప్పాలా? సొసైటీ పేరున ఒక ఉత్తరం, రోజూ వెళ్లే చోటు ఒకటి ఉంటే "ఈ ఏడాది చదువుకుంటోంది" అని తల్లి ధైర్యంగా చెప్పగలుగుతుంది.

మన నిబంధనల్లో "ఒక విద్యార్థికి ఒకే ఏడాది" అని ఉంది. ఫార్మసీకి మళ్లీ రాసేవాళ్ల వరకైనా దాన్ని సడలించమని కోరుతున్నాను. వచ్చే కార్యవర్గ సమావేశంలో చర్చిస్తామని అధ్యక్షులు అన్నారు. ఆ రోజుకు ఈ ఏడాది దరఖాస్తు పెట్టిన పిల్లల మార్కులు, సబ్జెక్టులవారీగా రాసి తీసుకొస్తాను.