కళాశాల గ్రంథాలయంలో కొత్త సదుపాయాలు – మన ఉర్దూ బీరువాలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. "మాస్టారూ, మీరు నాలుగు నెలలుగా కళాశాల గ్రంథాలయానికి పోతున్నారు గదా, అక్కడ వచ్చిన కొత్త సదుపాయాల గురించి మనవాళ్ళకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఉర్దూ మీడియం పంతుల్ని. కంప్యూటరు నా విషయం కాదు. బడిలో హాజరు ఫోనులో ఎక్కించాల్సి వచ్చినప్పుడు మొదటి వారమంతా నా విద్యార్థుల దగ్గరే పాఠం నేర్చుకున్నవాణ్ణి. కాబట్టి నేను చూసింది, చేసింది, తప్పు చేసింది మాత్రమే చెబుతాను.

ముందు మంచిని చెప్పాలి. మన ఊరి డిగ్రీ కళాశాల గ్రంథాలయాన్ని ఇరవై ఏళ్ళ కిందట చూసినవారు ఇప్పుడు పోతే గుర్తుపట్టరు. మా రోజుల్లో ఒక చెక్క అడ్డగోడ, దానికో చిన్న కిటికీ, అవతల అటెండరు. చీటీ మీద పుస్తకం పేరు రాసి ఇస్తే ఆయన లోపలికి పోయి, సగంసార్లు "లేదు" అని తిరిగి వచ్చేవాడు. నిజంగానే లేదో, నిచ్చెన ఎక్కడం ఆయనకు ఇష్టం లేదో మనకు తెలిసేది కాదు. ఇప్పుడు ఆ గోడ లేదు. పిల్లలే బీరువాల మధ్యకు వెళ్ళి పుస్తకం తీసి చూసుకోవచ్చు. వెలుతురు బాగుంది. మంచినీళ్ళు వున్నాయి. గోడ వెంబడి వరసగా కంప్యూటర్లు పెట్టారు. చూపు లేని విద్యార్థుల కోసం, తెర మీద వున్నదాన్ని చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఒక కంప్యూటరులో అమర్చారు, పక్కనే హెడ్‌ఫోను వేలాడుతూ వుంటుంది.

ప్రతి పుస్తకం అట్ట మీదా గీతల చీటీ, అంటే బార్‌కోడు వుంది. ఎర్ర దీపం చూపిస్తే చాలు, ఆ పుస్తకం ఎవరి పేరున పోయిందో, ఎప్పుడు తిరిగి రావాలో తెర మీద కనిపిస్తుంది. ఈ లెక్కంతా చూసే సాఫ్ట్‌వేరు పేరు కోహా. పేరు విని జపానువాళ్ళదేమో అనుకున్నాను. కాదట. న్యూజిలాండులో ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయం కోసం తయారై, 2000 జనవరిలో వాడుకలోకి వచ్చింది. అక్కడి మావొరీ జనం భాషలో కోహా అంటే కానుక. పేరుకు తగ్గట్టే దాన్ని డబ్బు పెట్టి కొననక్కరలేదు, ఎవరి అవసరానికి వారు మార్చుకోవచ్చు. మన కళాశాలలో ఏ పుస్తకాలు వున్నాయో ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోనులో చూడవచ్చు.

ఇక కంటికి కనిపించని పుస్తకాల సంగతి. గాంధీనగర్‌లో వున్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ 2010లో ఎన్-లిస్ట్ అనే పథకం మొదలుపెట్టింది. చేరిన కళాశాల విద్యార్థులకు పేరూ, పాస్‌వర్డూ ఇస్తే లక్షకు పైగా ఎలక్ట్రానిక్ పుస్తకాలు ఎక్కడినుంచైనా చదువుకునే వీలు కలిగింది. తరువాత 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పరిశోధన పత్రికలు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ ఇది వర్తిస్తుంది. అంటే ఢిల్లీలోనో మద్రాసులోనో పెద్ద సంస్థలో చదివేవాడు చూసే పత్రికనే మన ఊళ్ళో ఆటో నడిపే అన్న కొడుకూ చూడవచ్చు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ మరొకటి వుంది. 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. దానిలో మన బడి పిల్లలు కూడా రుసుము లేకుండా పేరు నమోదు చేసుకోవచ్చు.

ఇంతవరకూ సంతోషమే. నన్ను ఆ గ్రంథాలయానికి రప్పించిన సంగతి మాత్రం వేరు.

మా బడిలో పదో తరగతి చదివి, ఇప్పుడు బి.ఏ. రెండో సంవత్సరంలో వున్న ఒక అమ్మాయి ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మౌలానా ఆజాద్ గారి 'గుబారె ఖాతిర్' కావాలంది. అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా వున్నప్పుడు ఆయన రాసిన ఉత్తరాల పుస్తకం, 1946లో అచ్చయింది. "లైబ్రరీలో లేదని కంప్యూటరు చెబుతోంది సర్, మీ దగ్గరుందా?" అని అడిగింది. నా ప్రతి నా దగ్గర లేదు. దాన్ని అరువు తీసుకున్న పెద్దమనిషి ఈ సభలోనే వున్నారు, పేరు చెప్పను. కానీ నేను ఆ పుస్తకం మొదటిసారి చదివింది ఆ కళాశాల గ్రంథాలయంలోనే. ఆకుపచ్చ బైండు కూడా గుర్తుంది. "లేకపోవడం ఏమిటి బేటీ, పద" అని మరునాడు నేనూ వెళ్ళాను.

కంప్యూటరు ముందు కూర్చున్నాం. గుబార్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాం. జి తరువాత హెచ్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. ఖాతిర్‌కు కె.హెచ్. తో ఒకసారి, ఉత్త కె. తో ఒకసారి. ఆజాద్‌కు ఒక ఎ, రెండు ఎలు. ఏదీ దొరకలేదు. గ్రంథపాలకురాలు మేడమ్ మంచి మనిషి. తాళాల గుత్తి తీసుకుని, "మాస్టారూ, ఉర్దూవి ఆ మూల రెండు బీరువాల్లో వున్నాయి, మీరే చూడండి, నాకు చదవడం రాదు" అన్నారు. మేం కూర్చున్న కుర్చీ నుంచి ఆ బీరువా పది అడుగులు. రెండో అరలో ఆకుపచ్చ బైండు. అట్ట మీద బార్‌కోడు కూడా వుంది! ఎర్ర దీపం చూపించాం. తెర మీద వచ్చిన పేరు: 'ఉర్దూ బుక్ 37'.

జరిగింది ఇదీ. కంప్యూటరీకరణ చేసినప్పుడు పుస్తకానికి ఇంత అని మాట్లాడుకుని బయటి కుర్రవాళ్ళ చేత వివరాలు ఎక్కించారు. వాళ్ళకు ఉర్దూ రాదు. వెనక అట్ట మీద ఇంగ్లీషు పేరు వున్న కొన్నిటికి అదే పెట్టారు. మిగతావాటికి ఉర్దూ బుక్ 1, ఉర్దూ బుక్ 2 అని వరుస నంబర్లు వేసుకుంటూ పోయారు. నేను వాళ్ళను తప్పుపట్టను. నా ముందు వంద బెంగాలీ పుస్తకాలు పెడితే నేనూ అదే పని చేసివుండేవాణ్ణి. ఎవరైనా ఉర్దూ వచ్చినవాణ్ణి పిలవాలని ఆనాడు ఎవరికీ తోచలేదు, పిలవకపోయినా వెళ్ళి చూడాలని మనకూ తోచలేదు.

మేడమ్ బల్ల మీద ఇంకో కాగితాల కట్ట వుంది. అయిదేళ్ళుగా ఒక్కసారి కూడా ఎవరూ తీసుకోని పుస్తకాల జాబితా. కోహాలో ఒక మీట నొక్కితే అది తయారవుతుందట. చోటు చాలక అలాంటివాటిని రైటాఫ్ చేయడానికి సంఘం వేశారు. చూస్తే మన రెండు బీరువాల పుస్తకాలు దాదాపు అన్నీ అందులో వున్నాయి. ఉర్దూ బుక్ 37 కూడా వుంది. వెతికితే దొరకదు కనుక ఎవరూ తీసుకోలేదు, ఎవరూ తీసుకోలేదు కనుక తీసెయ్యాలి. కంప్యూటరు లెక్క తప్పు కాదు. దానికి మనం చెప్పిందే తప్పు.

ఇక్కడ ఒక మాట. నేను హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఒక పాత గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడ చెక్క సొరుగుల్లో కార్డులుండేవి. ఉర్దూ పుస్తకాల కార్డులు ఉర్దూలోనే, ఎవరో ముసలాయన చక్కని నస్తాలీఖ్ దస్తూరీతో రాసినవి. అలిఫ్ నుంచి మొదలుపెట్టి వేలితో ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోతే పుస్తకం దొరికేది. ఆ సొరుగులోకి పోవడానికి ఇంగ్లీషు రావలసిన పని లేదు. ఇప్పుడు యంత్రం వచ్చింది, పని సులువైంది అంటున్నాం. కానీ ఉర్దూ పుస్తకం కావలసిన పిల్ల ముందు దాని పేరును ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకోవాలి, పైగా ఆ ఎక్కించిన కుర్రవాడు ఎలా మార్చాడో ఊహించుకోవాలి.

దీనికి మందు లేకపోలేదు. మేడమ్ నాకు చూపించారు. పుస్తకం వివరాలు రాసే పట్టికలో ప్రతి గడికీ ఒక నంబరు వుంటుంది. 245 అనే గడిలో పుస్తకం పేరు. 246 లో అదే పేరుకు వుండే వేరే రూపాలు. అంటే హెచ్ వున్న గుబార్, హెచ్ లేని గుబార్ రెండూ అక్కడ రాయవచ్చు. 880 అనే గడిలో అసలు లిపిలో, అంటే ఉర్దూలోనే పేరు రాయవచ్చు. ఆ గడి మొదటినుంచీ వుంది, ఖాళీగా వుంది. ఉర్దూ చదవగలిగినవారు వచ్చి కూర్చుంటే నింపుకోవచ్చునన్నారు. ప్రిన్సిపాల్ గారి అనుమతితో ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టాం. నేను, మా బడి సహోపాధ్యాయులు ఇద్దరు, ఆ అమ్మాయి, ఆమె స్నేహితురాలు.

నా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. మొదటి ఆదివారం నేనొక్కణ్ణే అరవై పుస్తకాలు పూర్తి చేసి గొప్పగా ఇంటికి వచ్చాను. రాత్రి ఫోను తీసి 'కుల్లియాత్' అని ఉర్దూలో కొట్టాను. ఆ పేరుతో నేను ఎక్కించినవే నాలుగున్నాయి. ఒక్కటీ రాలేదు. మరునాడు ఆ అమ్మాయే కనిపెట్టింది. నేను కూర్చున్న కంప్యూటరులో అరబ్బీ కీబోర్డు పెట్టి వుంది. అరబ్బీ కాఫ్, ఉర్దూ కాఫ్ మన కంటికి ఒకటే. కానీ యూనికోడ్‌లో రెండిటికీ నంబర్లు వేరు. యే కూడా అంతే, హే కూడా అంతే. కుల్లియాత్‌లో కాఫ్ వుంది, యే వుంది. నా ఫోనులో వున్నది ఉర్దూ కీబోర్డు. ఒకే మాటను రెండు పక్కలా రెండు విధాలుగా రాసి, దొరకలేదని కంప్యూటరును తిట్టుకున్నాను. ఆ అరవై మళ్ళీ చేశాం. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఇమ్లా దిద్దుతున్నవాణ్ణి, నా ఇమ్లా ఆ పిల్ల దిద్దింది.

ఎవరైనా అడగవచ్చు: ఇప్పుడు రేఖ్తా వెబ్‌సైటులో ఉర్దూ పుస్తకాలు లక్షకు పైగా వున్నాయి గదా, ఈ చెదలు పట్టిన బీరువాల కోసం ఇంత శ్రమ ఎందుకని. నేనూ రేఖ్తా వాడతాను, 2013లో అది మొదలయ్యాక నాలాంటి చిన్న ఊరి పంతుళ్ళకు కొత్త ప్రాణం వచ్చినట్టయింది. కానీ మన బీరువాల్లో ఈ ప్రాంతపు కవులు సొంత డబ్బుతో అచ్చు వేసుకున్న చిన్న చిన్న పుస్తకాలున్నాయి. కొన్నిటి మీద రచయిత చేతిసంతకం వుంది. మరో ఊళ్ళో మరో ప్రతి వుందో లేదో ఎవరికి తెలుసు? ఒకసారి పాత కాగితాలవాడి బండి ఎక్కితే మళ్ళీ దిగి రావు.

ఇంకొకటి, తండ్రులు కొంచెం నొచ్చుకున్నా చెబుతాను. ఎలక్ట్రానిక్ పుస్తకాల కోసం ఇచ్చే పాస్‌వర్డులను తీసుకోని విద్యార్థుల పేర్లు మేడమ్ గోడకు అంటించారు. అందులో మన అమ్మాయిల పేర్లు చాలా కనిపించాయి. ఇద్దరు ముగ్గురిని అడిగాను. "ఇంట్లో ఫోను అన్నయ్య దగ్గర వుంటుంది సర్" అన్నారు. గ్రంథాలయంలో చదువుకుందామంటే నాలుగున్నర బస్సు అందుకోవాలి. పుస్తకం ఇంటికి వచ్చే సౌకర్యం దేశం ఏర్పాటు చేసింది, ఇంటి లోపల ఆ చేతి నుంచి ఈ చేతికి రావడం దగ్గర ఆగిపోయింది. రాత్రి ఒక గంట ఫోను ఆ పిల్లకు ఇవ్వండి. కొడుకును నేను సముదాయిస్తాను, వాడూ మా బడిలో చదివినవాడే.

ఇక పని. రెండు బీరువాల్లో ఒకటి పూర్తయింది. రెండోదానిలో మూడు అరలు మిగిలాయి. పేరు సరిగ్గా ఎక్కిన పుస్తకాలను రైటాఫ్ జాబితా నుంచి తీసేయడానికి మేడమ్ ఒప్పుకున్నారు. మిగిలినవాటికి వేసవి సెలవులు మొదలయ్యే లోపల గడువు. మేం అయిదుగురం చేస్తే ఆ గడువుకు పూర్తి కావు, లెక్క వేసి చూశాను. ఇంకో ఆరుగురు వస్తే అవుతాయి. టైపు రాకపోయినా ఫరవాలేదు. పుస్తకం తెరిచి పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం చదివి చెబితే చాలు, పక్కన పిల్లలు కొడతారు. హిజ్రీ సంవత్సరం మాత్రమే వున్నవి కొన్ని వున్నాయి, వాటి లెక్క తెలిసిన పెద్దలు తప్పక రావాలి.

వచ్చే ఆదివారం పదింటికి తలుపు తీస్తారు. వెనక గేటు నుంచి రావాలి, ముందు గేటు ఆదివారం మూసి వుంటుంది. కళ్ళద్దాలు మరిచిపోకండి, ఆ పాత లిథో అచ్చులో అక్షరాలు బాగా చిన్నవి. గుబారె ఖాతిర్ అరువు తీసుకున్నవారు దాన్ని కూడా తెచ్చి ఇస్తే సంతోషిస్తాను.