జాబితాలో లేని సమూహం



స్నాతకోత్సవ వేదిక ఎక్కినవాళ్లు విజయరహస్యాలు చెప్పడం ఆనవాయితీ. నా దగ్గర అవేమీ లేవు. న్యాయశాస్త్ర పట్టభద్రులు, రేపటి నుంచి వాదించి బతకాల్సినవాళ్లు కదా అని ఒక వాదం పట్టుకొచ్చాను. క్వీర్ మనుషుల మీద రాజ్యాలు సాగించిన అణచివేతని జాతిహననం, అంటే జెనోసైడ్, అనొచ్చా, అనకూడదా?

మీలో చురుకైనవాళ్లు ఈపాటికి జవాబు సిద్ధం చేసుకునే ఉంటారు. 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన జెనోసైడ్ ఒప్పందం, రెండో అధికరణం. అది కాపాడేది నాలుగు రకాల సమూహాలని: దేశాన్ని బట్టి, తెగని బట్టి, జాతిని బట్టి, మతాన్ని బట్టి ఏర్పడినవి. క్వీర్ సమూహం ఆ నాలుగింట్లో లేదు. వాదం ముగిసింది, మార్కులు వేయండి అంటారు.

పరీక్షకి ఆ జవాబు చాలు. నాకు చాలదు. ఎందుకంటే ఆ జాబితా ఆకాశం నుంచి ఊడిపడలేదు, బేరసారాల్లో తయారైంది. 1946లో అదే ఐక్యరాజ్యసమితి చేసిన తీర్మానంలో రాజకీయ సమూహాలూ, ‘ఇతర’ సమూహాలూ ఉన్నాయి. రెండేళ్లు తిరిగేసరికి అవి మాయమయ్యాయి. తమ రాజకీయ ప్రత్యర్థుల్ని తాము ఏం చేస్తున్నారో ప్రపంచం లెక్క అడుగుతుందని కొన్ని ప్రభుత్వాలు జంకాయి. కాబట్టి జాబితాలో లేరన్నది చట్టం ఎలా ఉందో చెబుతుందే తప్ప ఏం జరిగిందో చెప్పదు.

ఈ చర్చలో అందరూ ముందు వెళ్లేది నాజీ జర్మనీకే. 1933 మే 6న బెర్లిన్‌లో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ నడిపిన లైంగిక విజ్ఞాన సంస్థని కొల్లగొట్టారు. నాలుగు రోజుల తర్వాత దాని పుస్తకాలు మంటల్లో పడ్డాయి. పురుషుల మధ్య సంబంధాన్ని నేరం చేసిన 175వ సెక్షన్‌ని 1935లో మరింత కఠినం చేశారు. దాదాపు లక్షమందిని అరెస్టు చేశారు, సుమారు 50 వేలమందికి శిక్షలు పడ్డాయి. 5 వేల నుంచి 15 వేలమంది దాకా నిర్బంధ శిబిరాలకి వెళ్లారు. చాలామంది చొక్కాల మీద గులాబీరంగు త్రికోణం ఉండేది. వాళ్లలో ఎందరో తిరిగి రాలేదు.

అయినా నన్నడిగితే, జాతిహననం అనడానికి ఇది అంత బలమైన కేసు కాదు. నాజీలు యూదుల్ని ఐరోపా అంతటా వేటాడి, పసిపిల్లలతో సహా అందర్నీ చంపాలనుకున్నారు. స్వలింగ ప్రేమికుల విషయంలో వాళ్ల గురి ప్రధానంగా జర్మన్ పురుషుల మీద. భయపెట్టో, హింసించో దారికి తేవచ్చనుకున్నారు, రానివాళ్లని చావుకి వదిలేశారు. క్రూరత్వంలో తక్కువేమీ లేదు, ఉద్దేశం వేరు. జాతిహననం కేసు నిలిచేదీ కూలేదీ ఉద్దేశం దగ్గరే.

ఆ మనుషులకి అసలు అన్యాయం యుద్ధం ముగిశాక జరిగింది. నాజీలు సవరించిన ఆ సెక్షన్‌ని పశ్చిమ జర్మనీ 1969 దాకా అలాగే అట్టిపెట్టుకుంది. ఆ చట్టం కిందే మరో 50 వేలమందికి శిక్షలు వేసింది. నాజీకాలపు తీర్పులు రద్దయింది 2002లో, యుద్ధానంతర తీర్పులు 2017లో. వాళ్ల బాధకి గొప్ప పేరు పెట్టకపోవడం కాదండీ సంగతి, వాళ్లనే నేరస్థులుగా ఉంచేశారు.

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని మీరు సంచార తెగల సందర్భంలో చదివుంటారు. దాని రెండో భాగాన్ని మాత్రం ఎవరూ పెద్దగా చదవరు. అది హిజ్రాల గురించి. వాళ్లలో ప్రభుత్వం అనుమానించినవాళ్ల పేర్లూ ఆస్తులూ పోలీసు రిజిస్టరుకి ఎక్కాలి. రిజిస్టరైనవాళ్లు ఆడబట్టలతో బయట కనబడినా, బహిరంగంగా ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్లలోపు మగపిల్లవాడు వాళ్ల దగ్గర ఉండకూడదు. దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు. ఉత్తర భారతంలో ఈ చట్టాన్ని నడిపిన అధికారులు హిజ్రాలు క్రమంగా అంతరించిపోవాలనే కోరుకున్నారని చరిత్రకారిణి జెస్సికా హించీ నాటి ప్రభుత్వ దస్త్రాల్లోంచి చూపించారు.

అదే అచ్చుతో నిజాం ప్రభుత్వం 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాదుకో చట్టం చేసుకుంది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకాల్లో కదలకుండా కూర్చుంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడో తెలుసా? 2023 జులైలో. మీలో చాలామంది అప్పటికే ఈ కాలేజీలో ఉన్నారు.

జాతిహననం వాదానికి ఈ కేసు జర్మనీ కేసు కంటే ఎక్కువ బలాన్నిస్తుంది. హిజ్రాలకి గురువు, చేలా అనే శిష్యులు, ఇల్లు, వారసత్వం అన్నీ ఉన్నాయి. తరం తర్వాత తరం వచ్చేది కడుపున పుట్టి కాదు, గురువు పంచన చేరి. చట్టం సరిగ్గా ఆ దారినే మూసింది. పిల్లల్ని లాక్కోవడం జాతిహననం కింద ఒప్పందం లెక్కించిన ఐదు చర్యల్లో ఒకటి కూడా. రువాండా జాతిహననాన్ని విచారించిన ట్రిబ్యునల్ 1998లో అకాయెసు కేసు తీర్పులో, శాశ్వతంగా నిలిచే ఏ సమూహాన్నయినా కాపాడాలన్నదే ఒప్పందకర్తల ఉద్దేశమంది. ఇంతదాకా నేను హుషారుగా వాదించగలను. ఆ పిల్లలు ‘ఆ సమూహపు పిల్లలే’నా అని ఎదుటి లాయరు అడిగితే మాత్రం తడబడతాను. ఒక జీవన విధానాన్ని తుడిచెయ్యడం, మనుషుల్నే భౌతికంగా తుడిచెయ్యడం ఒకటేనా అని అడిగితే, నేటి అంతర్జాతీయ న్యాయం ప్రకారం ఓడిపోతాను.

అందుకే నేనైతే మానవత్వంపై నేరం అని అభియోగం పెడతాను. అది చిన్న నేరమనుకునేవాళ్లకి ఒక మాట: నాజీ నేతల్ని విచారించిన న్యూరెంబర్గ్ తీర్పులో జెనోసైడ్ అన్న పదమే లేదు. యూదుల ఊచకోతకి అక్కడ శిక్షలు పడింది ప్రధానంగా మానవత్వంపై నేరాల కిందే. 2025 జులైలో తాలిబన్ అధినేత మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు జారీచేసిన వారెంటు కూడా ఇదే అభియోగంతో. అందులో మహిళలూ బాలికలతోపాటు, జెండర్ విషయంలో తాలిబన్ నియమాలకి లొంగనివాళ్లనీ బాధితులుగా చేర్చారు.

అయినా ఆ పెద్ద పదం కోసం ఉద్యమకారులు ఎందుకు పట్టుబడతారో నాకు అర్థమవుతుంది. జెనోసైడ్‌ని ముందే ఆపాల్సిన బాధ్యతని ఆ ఒప్పందం దేశాల నెత్తిన పెట్టింది. ఆ బలంతోనే గాంబియా 2019లో రోహింగ్యాల విషయమై మయన్మార్‌ని ప్రపంచ న్యాయస్థానానికి ఈడ్చింది. మానవత్వంపై నేరాలకి అలాంటి ప్రత్యేక ఒప్పందం ఇంకా లేదు. మనదేశం సంగతి మరీ అన్యాయం. జెనోసైడ్ ఒప్పందాన్ని 1959లోనే ధ్రువీకరించాం. కానీ ఈ రెండు నేరాలూ మన చట్టంలో లేవని 2018లో ఢిల్లీ హైకోర్టు 1984 సిక్కుల ఊచకోతకి సంబంధించిన సజ్జన్ కుమార్ తీర్పులో బాధపడింది. ఆ తర్వాత కొత్త న్యాయసంహిత రాసుకున్నాం. అందులోనూ లేవు.

2028, 2029లలో మానవత్వంపై నేరాల ఒప్పందం కోసం ఐక్యరాజ్యసమితి సమావేశం జరగబోతోంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకి ఆధారమైన రోమ్ శాసనంలో జెండర్ అంటే స్త్రీ, పురుషుడు అనే రెండే అని ఒక నిర్వచనం ఉంది. కొత్త ఒప్పందం కోసం రాసిన 2019 ముసాయిదాలో దాన్ని తీసేశారు. మళ్లీ పెట్టాలని కొన్ని దేశాలు తప్పక అడుగుతాయి. అప్పుడు భారత ప్రతినిధి ఏమనాలో ఎవరో ఒక జూనియర్ లాయరు నోట్ తయారుచేస్తాడు, లేదా చేస్తుంది. ఆ నోట్‌లో 1329 ఫసలీ చట్టం గురించి ఒక పేరా ఉండాలని నా కోరిక.